గాజులు వేసుకోని చేతులు

ఈ ఏడు జవుళి దుకాణం వాళ్లు ఇచ్చిన క్యాలెండరులో దేవుడి బొమ్మ లేదు. సముద్రం ఒడ్డున తెల్లటి లైట్‌హౌస్ బొమ్మ ఉంది. హోసూరు బజారులో చీరలు అమ్ముకునేవాళ్లకు లైట్‌హౌస్‌తో ఏం పనో నాకు అర్థం కాలేదు. లక్ష్మీదేవిది ఇవ్వమని అడిగాను. "అయిపోయినాయమ్మా, ఇవే ఉండేది" అన్నాడు దుకాణం అతను. నా ముందు నిలబడిన ఆవిడకు మాత్రం లక్ష్మీదేవి దొరికింది. నేను చూశాను.

ఇంటికి తెస్తే మా ఆయన దాన్ని హాల్లో మేకుకు తగిలించి, వెనక్కి జరిగి కాసేపు చూసి, "నాన్న పనిచేసిన చోటు అచ్చం ఇలాగే ఉండేది" అన్నారు.

ఆ మాట విన్నాక ఇది రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు. నేను రాసేది మా వదిన గురించి. ఆమె పేరు రాయను. పేరు రాస్తే మా ఆయన పేరు కూడా బయటికి వస్తుంది. ఆయన ఇంకా నా చేతి అన్నమే తింటున్నారు.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మా మామగారు కోస్తాలో ఇసుక తప్ప మరేమీ లేని ఒక చోట లైట్‌హౌస్ కీపరుగా పనిచేస్తూనే పోయారు. ఆయన పోయాక క్వార్టర్సు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒక ట్రంకు పెట్టె పట్టుకుని ఆమె హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంటికి వచ్చింది. అప్పటికి నా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. హోసూరుకు అప్పుడప్పుడే కంపెనీలు వస్తున్న రోజులవి. ఆంధ్రా నుంచి మా ఆయన లాంటివాళ్లు ఉద్యోగాలకని ఈ తమిళనాడుకు వచ్చి, పశువుల ఫారం పక్కన అద్దె ఇళ్లలో దిగేవాళ్లు. కృష్ణగిరిలో మా నాన్నకు పప్పుల దుకాణం. తెలుగు పిల్లోడు, మనవాళ్లే, కంపెనీ ఉద్యోగం అని నన్ను ఇచ్చేశారు. ఆడబిడ్డ ఒకతె ఉందని చెప్పారు. కానీ ఆమె సముద్రం ఒడ్డునే ఉంటుందని, ఇటు రాదని కూడా చెప్పారు.

బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆమెకూ నాకూ మొదలైంది.

"యాడ దిగినారు వదినా? ఇల్లు కనుక్కునేదానికి కష్టమాయెనా?" అని మర్యాదగానే అడిగాను.

ఆమె నావైపు చూడకుండా తమ్ముడి వైపు చూసింది. "ఈ అమ్మాయి మాట్లాడేది తెలుగేనా?"

ఆయన నవ్వారు. ఆయన నవ్వడం నాకు ఇప్పటికీ గుర్తుంది. మా తాత, మా తాతకు తాత మాట్లాడిన భాషను, నిన్న కాక మొన్న వచ్చిన వాళ్లిద్దరూ మా ఊళ్లో నిలబడి వెక్కిరించారు.

"తెలుగే వదినా. మీకు పట్టుబడేదానికి నాలుగు దినాలు పట్టును, అంతే" అన్నాను.

"నోరుంది. మంచిదే" అని ఆమె పెట్టె తీసుకుని లోపలికి వెళ్లింది.

మనిషి పొడుగు. మెడ కొంచెం పైకెత్తి, కళ్లు చికిలించి, ఎదుటి మనిషి వెనకాల ఇంకెవరో వస్తున్నట్టు చూసేది. మాట్లాడేటప్పుడు ఆ చూపు నాకు మహా చిరాకు. చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా ఉండేవి. మణికట్లు లావు, అరచేతులు గట్టి. ఆ చేతులకు ఒక్క గాజు లేదు. ఉంగరం లేదు. దారప్పోగు కూడా లేదు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి ఇల్లంతా చీకటి. కిటికీలన్నిటికీ తన చీరలు కట్టేసింది. కాసేపటికి ఎదురింటావిడ గాభరాగా పరుగెత్తుకొచ్చి, "ఏమమ్మా, యారన్నా పోయినారా ఇంట్లో?" అని అడిగింది. మా వైపు శవం ఉన్న ఇంట్లోనే పట్టపగలు కిటికీలు మూస్తారు.

"ఇదేంది వదినా?" అన్నాను.

"పొద్దెక్కకముందే తెరలు వేసెయ్యాలి. ఎండ అద్దంలో పడితే నిప్పంటుకుంటుంది."

"మన కిటికీలకు అద్దాలే లేవు వదినా. ఉత్త కమ్మీలు."

ఆమె కిటికీ వైపు చూసింది. నేను చెప్పింది నిజమేనని ఆమెకూ తెలుసు. "అలవాటు" అంది. అంతే. ఆ చీరలు ఏళ్ల తరబడి అలాగే వేలాడాయి. అద్దె ఇంట్లో నాకు దొరికిన కాస్త ఎండ కూడా ఆమె అలవాటుకు పోయింది. గుమ్మడి వడియాలు ఆరబెట్టుకోవాలన్నా పక్కింటి అరుగు అడుక్కోవాల్సి వచ్చింది.

సాయంత్రాలు ఇంకో రకం. పొద్దు వాలుతుంటే ఆమెకు కాలు నిలిచేది కాదు. పొయ్యి మీద కూర ఉన్నా సరే, వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. నేను దీపం పెట్టేదాకా లోపలికి రాదు. ఆ రోజుల్లో కరెంటు పోవడం మామూలే కాబట్టి చిమ్నీ దీపాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. నేను బూడిదతో చిమ్నీ తోమి ఆరబెడితే, ఆమె దాన్ని ఎత్తి చూసి, ఒక్క మాట అనకుండా మళ్లీ కడిగేది. బాగా లేదు అనొచ్చు కదా? అనదు. నేను చూస్తుండగా కడిగేది. మాట అంటే తిరిగి అనొచ్చు. కడిగితే ఏమంటాం?

ఆమెకు మా ఊరు చూపిద్దామని ఒకసారి కృష్ణగిరి తీసుకెళ్లాను. మా నాన్న ముచ్చటపడి అందర్నీ డ్యాము దగ్గరికి తీసుకెళ్లాడు. గట్టు మీద నిలబడి, చెయ్యి చాచి, "చూడమ్మా, ఇదే మా ఊరి సముద్రం" అన్నాడు.

వదిన కళ్లు చికిలించింది. "అవతలి గట్టు కనిపిస్తోంది కదండీ."

"వానలు పడి నిండినప్పుడు కనపడదులేమ్మా" అన్నాడు నాన్న. అది అబద్ధం. ఎంత నిండినా కనిపిస్తుంది.

"గట్టు కనిపించే నీళ్లలో ఎవరూ దారి తప్పరు" అని ఆమె వెనక్కి తిరిగి నడిచింది. మా నాన్న ఆ ఆనకట్టను సొంత చేతులతో కట్టినట్టు, దానికి ఎవరో వంక పెట్టినట్టు, ఇంటికి వచ్చేదాకా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. నా సీమంతం ఒక ఎత్తు.

మా వైపు సీమంతానికి గాజులు తొడగడమే ముఖ్యమైన వేడుక. మొదటి గాజు ఆడబిడ్డ తొడగాలి. కృష్ణగిరిలో మా అమ్మ రకరకాల గాజులు తెచ్చి, పళ్లెంలో పసుపు కుంకాలతో పెట్టి, వదిన ముందుకు తీసుకెళ్లింది. బంధువుల ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. అప్పటికే అందరి కళ్లూ ఆమె మణికట్ల మీదే ఉన్నాయి.

"ముందు నువ్వు రెండు వేసుకోమ్మా. ఆపైన పిల్లకు తొడుగుదువు" అంది మా అమ్మ.

"నేను వేసుకోనండీ."

"యాలమ్మా? అందరూ వేసుకుంటా ఉండారు గదా."

"అలవాటు లేదు."

మా పెద్దత్త ఊరుకోలేదు. పక్కావిడతో గుసగుసలాడుతున్నట్టే అందరికీ వినపడేలా అంది. "మొగుడు పోయినోళ్లే గదమ్మా గాజులేసుకోనిది?"

వదిన ఆమెకే జవాబు చెప్పింది. "నాకు మొగుడే లేడు, పోవడానికి."

ఎవరూ నవ్వలేదు. ఆమె లేచి వెళ్లి మా నాన్న పప్పు మూటలు వేసే గదిలో కూర్చుంది. మా అమ్మ పళ్లెం పట్టుకుని ఎంతసేపు అలా నిలబడిపోయిందో నేను చూశాను. ఆఖరికి మొదటి గాజు ఎదురింటి వాళ్లెవరో తొడిగారు. నాకు పుట్టిన బిడ్డ చక్కగా, ఆరోగ్యంగా ఉంది, ఆ మాట వేరు. కానీ ఆ రోజు ఆమె రెండు గాజులు వేసుకుంటే ఏం పోయేదని నేను చాలా కాలం అడుగుతూనే ఉన్నాను. ఆమెను కాదు, నాలో నేనే. ఆమెతో మాట్లాడడం మానేశాను కాబట్టి.

మాట్లాడకపోయినా ఒక ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఎన్నాళ్లు? నా కూతురికి ఆ చేతులతోనే నీళ్లు పోసేది. బిడ్డ ఏడిస్తే నా దగ్గర ఊరుకునేది కాదు, ఆ చేతుల్లోకే వెళ్లేది. అది కూడా నాకు కోపమే.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఆమె నేను తోమిన చిమ్నీని మళ్లీ తుడుస్తోంది. నాకు ఇంక ఓపిక లేక అడిగేశాను.

"ఆ దినము రెండు గాజులేసుకుంటే మీ సొమ్మేం పోయేది వదినా? మా అమ్మను అందరి ముందర అంత మాట పడేట్టు చేసినారే."

ఆమె చిమ్నీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని అందులోంచి చూస్తూ చెప్పింది. "గాజు తగిలితే అద్దానికి గీత పడుతుంది."

"ఏ అద్దానికి?"

"పైన అద్దానికి." చేతులు చాచి చూపించింది. "మనిషంత ఉంటుంది. మధ్యలో దీపం, చుట్టూ అద్దం. రోజూ లోపలికి దూరి తుడవాలి. ఉంగరం ఉండకూడదు, గాజు ఉండకూడదు. చిన్నప్పుడే తీసేశాను. మళ్లీ వేసుకోలేదు."

"మీరు యాల తుడిచేది? మామగారు గదా కీపరు?"

"జీతం నాన్నది" అంది.

తర్వాత చెప్పింది. ఆమెకు పెళ్లీడు వచ్చేసరికి మామగారి కళ్లకు పొర కమ్మింది. మెల్లమెల్లగా చూపంతా పోయింది. పై ఆఫీసుకు ఆ సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. బందరులో హాస్టల్లో ఉన్న తమ్ముడి చదువు పోతుంది. తోడుగా ఉండాల్సిన పనివాడు నెలలో సగం రోజులు తన ఊళ్లోనే గడిపేవాడు. అతని గుట్టు వీళ్లు చెప్పలేదు, వీళ్ల గుట్టు అతను చెప్పలేదు. దీపం వెలిగించడం, దానికి గాలి కొట్టడం, అద్దం తిరగడానికి బరువు పైకి చుట్టడం, తెల్లవారేదాకా కాపలా, పొద్దెక్కకముందే తెరలు వేయడం. అన్నీ ఆమే. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తే మామగారు ముందు నడిచి మెట్లెక్కేవారట. మెట్లు ఆయన కాళ్లకు తెలుసు. పైకి వెళ్లి అద్దం మీద చెయ్యి వేసి, చూస్తున్నట్టే నిలబడి, అడిగినవాటికి జవాబులు చెప్పేవారు. ఈమె గుడ్డ పట్టుకుని వెనకాల నిలబడేది. సంబంధాలు వచ్చాయి. తను వెళ్లిపోతే దీపం ఎవరు పెడతారు? వద్దంది.

"మా ఆయనకు ఇదంతా తెలుసునా?"

"తెలియకపోవడమేంటి? సెలవులకి వస్తే నా పక్కనే కూర్చుని చదువుకునేవాడు." చిమ్నీ దీపానికి తొడిగింది. మంట నిలబడింది. "నాకు ఉద్యోగం ఇప్పించక్కర్లేదు, పింఛనూ అక్కర్లేదు అమ్మాయ్. నాన్న ఉన్నన్నాళ్లూ చెప్పకూడదు. తెలుసు. నాన్న పోయాక, నలుగురిలో ఒక్కసారి 'దీపం పెట్టింది మా అక్క' అని వాడు అంటే చాలనుకున్నాను. చిన్నప్పుడు వాడే అన్నాడు, పెద్దయ్యాక అందరికీ చెప్తానక్కా అని."

మర్నాడు ఆయన డ్యూటీకి బూట్లు తుడుచుకుంటుంటే అడిగాను. నిజమేనన్నారు. ఎవరితోనూ అనొద్దన్నారు.

"నేను యాల చెప్తాను? చెప్పాల్సింది మీరు గదా" అన్నాను.

"సమయం రానీ" అన్నారు.

సమయం వచ్చింది. నడుచుకుంటూ మా ఇంటికే వచ్చింది.

మా ఆయనతో పనిచేసే ఒకతని తండ్రి రిటైరై కొడుకు దగ్గర ఉండడానికి వచ్చాడు. మాటల మీద తెలిసింది, ఆ పెద్దాయన ఒకప్పుడు కోస్తాలో లైట్‌హౌస్‌లు తనిఖీ చేసేవాడని, మా మామగారిని ఎరుగునని. మా ఆయన ఉత్సాహం పట్టలేక ఆదివారం ఆయన్ని కాఫీకి పిలిచారు.

ఆ పొద్దున వదిన కిటికీలకు కట్టిన చీరలు తనే విప్పి మడతపెట్టింది. తలంటుకుని, ట్రంకు పెట్టెలోంచి నేను ఎప్పుడూ చూడని నేత చీర తీసి కట్టుకుంది. నన్ను కూర్చోబెట్టి, పాలు కాయడం నుంచి అన్నీ తనే చేసింది. నాతో ఏమీ అనలేదు. కానీ ఎందుకో నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

పెద్దాయన మంచివాడే. తమిళం మనిషి అయినా తెలుగు బాగా మాట్లాడాడు. కూర్చోగానే మా ఆయన చేతులు పట్టుకుని, "మీ నాన్నగారి దగ్గరికి తనిఖీకి వస్తే నాకు పనే ఉండేది కాదయ్యా" అన్నాడు. "మిగతా చోట్ల అద్దం మీద ఏదో ఒక గీత ఉండేది. ఉంగరం గీతో, బొత్తం గీతో. అక్కడ మాత్రం ఒక్క గీత లేదు. కొత్త అద్దంలా ఉండేది. ఏం చేతులయ్యా ఆయనవి!"

వదిన అప్పుడే కాఫీ పళ్లెం ఆయన ముందు పెడుతోంది. ఆ చేతులు ఆయన కళ్ల ముందే ఉన్నాయి. నేను మా ఆయన మొహం వైపు చూశాను. ఇప్పుడు చెప్తారు అనుకున్నాను.

"మా నాన్నకి దీపమంటే ప్రాణమండీ" అన్నారు.

"అంత వయసులో కూడా చూపు బాగుండేదనుకుంటాను."

"చివరిదాకా కళ్లద్దాలు లేకుండా పేపరు చదివేవారండీ."

అడగని అబద్ధం. ఎందుకు ఆడారో నాకు ఈనాటికీ తెలియదు. మామగారి పరువు కోసమే అయితే, ఊరుకున్నా సరిపోయేది.

పెద్దాయన వదిన వైపు తిరిగాడు. "మీరూ అక్కడే ఉండేవారు కదమ్మా. గుడ్డ పట్టుకుని నిలబడేవారు, నాకు గుర్తుంది. ఊరూ పేరూ లేని చోట. పొద్దు ఎలా పోయేది? ఏం చేసేవారు?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. చూసింది, అంతే. ఎదుటి మనిషి వెనకాల చూసే ఆ చూపు కాదు. మొదటిసారి ఎదుటి మనిషినే చూసింది.

"అక్క వంట చేసేదండీ" అన్నారు ఆయన. "నాన్నకి అక్క వంటే కావాలి."

"అవునండీ" అంది వదిన. "వంట చేసేదాన్ని."

"ఉత్త వంటేనా వదినా?" అన్నాను నేను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"కాఫీలో చక్కెర చాలలేదు, తీసుకురా" అన్నారు మా ఆయన నాతో. ఆయన అప్పటికి కాఫీ నోట పెట్టనే లేదు.

పెద్దాయన వెళ్లాక వంటింట్లో ఆయన్ని నిలదీశాను.

"యాల చెప్పలేదు?"

"ఇప్పుడు చెప్పి ఏం లాభం? నాన్న పేరు పోతుంది."

"మామగారు పోయినారు. ఆ పెద్దాయన రిటైరు అయిపోయినాడు. మీకు యారంటే భయం?"

ఆయన భయం నాకు అప్పుడే అర్థమైంది. అక్క జీవితం మీద చదువుకున్నాడని కంపెనీలో నలుగురికీ తెలియడమే ఆయన భయం. లైట్‌హౌస్ కీపరు కొడుకు అంటే ఒక గొప్ప. గుడ్డివాడి కొడుకు, అక్క కష్టం తిన్నవాడు అంటే ఇంకొకటి.

గుమ్మంలోంచి వదిన గొంతు వినిపించింది. "నా సంగతి నీకెందుకమ్మాయ్? వాణ్ణి ఏమీ అనకు."

ఆమె తరఫున మాట్లాడినందుకు నాకు దక్కింది ఇది. ఇదీ నేను మరిచిపోలేదు.

తర్వాత కొన్ని రోజులకు మా వీధిలోకి గాజులవాడు వచ్చాడు. మామూలుగా అతని కేక వినపడితే వదిన లోపలికి వెళ్లిపోయేది. ఆ రోజు అరుగు మీదకు వెళ్లి కూర్చుని రెండు చేతులూ చాచింది.

"ఏ రంగు వేసేదమ్మా?" అన్నాడు అతను.

"ఏదైనా వెయ్యి."

నేను పిల్ల అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అలవాటు లేని చేతులు, లావు మణికట్లు. గాజులు ఎక్కలేదు. అతను వేళ్లు దగ్గరికి నొక్కి తోస్తుంటే రెండు చిట్లాయి. ఒకటి చర్మంలో దిగి రక్తం వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "కానియ్" అంది. ఎదురింటావిడ సంతోషపడి, "ఇప్పుడు చూడమ్మా, ఎంత లక్షణంగా ఉండావో!" అంది.

"ఇప్పుడెందుకు వదినా?" అని అడిగాను.

"వంట చేసే చేతులే కదా" అంది వదిన. "గాజులుంటే ఏమైంది?"

ఆ తర్వాత ఇంట్లో ఆమె ఎటు వెళ్లినా చప్పుడే. అంట్లు తోమితే చప్పుడు, పిల్లకు జడ వేస్తే చప్పుడు. కిటికీలకు చీరలు మళ్లీ కట్టలేదు. ఇల్లంతా ఎండ. నేను ఏళ్ల తరబడి అడిగింది అదే. పొద్దు వాలితే గుమ్మంలోకి రావడం మానేసింది. చిమ్నీ నేను ఎలా తోమితే అలాగే ఉండేది. ఒకసారి కావాలనే మసి వదిలేసి ఆమె ముందు పెట్టాను. చూసింది. అలాగే వెలిగించింది.

నా సీమంతానికి గాజులేసుకోలేదని ఆమె మీద నాకున్న కోపం ఆ చప్పుడుతో తీరాలి. తీరలేదు. ఇప్పుడు ఆ గాజులే నాకు పడలేదు.

వదిన ఎక్కువ కాలం బతకలేదు. జ్వరం వచ్చి, కామెర్లని తేలి, ఇంట్లోనే పోయింది. కృష్ణగిరి నుంచి మా అమ్మ వచ్చింది. ఆడవాళ్లు స్నానం చేయించి, కొత్త చీర కట్టి, పువ్వులు పెట్టారు. ఉన్న గాజులు చాలవని మా అమ్మ ఇంకో నాలుగు ఎక్కించింది. పెళ్లి కాకుండా పోయినా మనిషి నిండుగా వెళ్లాలని ఆమె ఉద్దేశం. తప్పులేదు.

నేను చెంబులో నీళ్లు, సబ్బు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, సబ్బు రాసి, గాజులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను.

మా అమ్మ అదిరిపడింది. "ఏమే, బుద్ధి ఉండాదా నీకు? గాజులు తీసేది మొగుడు పోయినోళ్లకు గదా! పోయిన మనిషికి ఇంత అవమానం చేస్తారా యాడన్నా?"

"ఈమె చేతులకు గాజులు లేవమ్మా. ఎప్పుడూ లేవు."

"మరి ఇవేంటివే?"

"ఇవి మీ అల్లుడు తొడిగినవి."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. ఆయన అక్కడే, తడిబట్టలతో నిలబడి ఉన్నారు. కంపెనీ వాళ్లు, వీధివాళ్లు, అంతా చుట్టూ ఉన్నారు.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నారు.

"నేను యాల తీస్తా ఉండానో మీకు తెలుసు. వీళ్లందరికీ మీరే చెప్పండి" అన్నాను. "ఒక్క మాట. ఈ దినమన్నా చెప్పండి."

ఆయన నా ఒళ్లో ఉన్న చెయ్యి చూశారు. పెదవులు కదిలాయి. ఏదో వస్తుందనే అనుకున్నాను. ఆయన తిరిగి బయటికి వెళ్లి, పాడె కట్టేవాళ్లతో తాడు వదులుగా ఉంది, బిగించమని చెప్పారు.

నేను చివరి గాజు కూడా పగలకుండా తీశాను. చేతులు తుడిచి గుండెల మీద పెట్టాను. ఒక్క గీత పడనివ్వలేదు. మా పెద్దత్త ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయింది.

ఇప్పుడు ఈ క్యాలెండరు వచ్చింది. ఇంటికి ఎవరు వచ్చినా మా ఆయన దాన్ని చూపించి మొదలుపెడతారు. మా నాన్న, మా నాన్న దీపం, మా నాన్న అద్దం, ఒక్క గీత లేని అద్దం. నేను వంటింట్లోంచి వింటాను. "ఆ అద్దం యారు తుడిచేది?" అని అక్కడినుంచే అడుగుతాను. ఒక్క క్షణం ఆగుతారు. "నాన్నే" అంటారు. వచ్చినవాళ్లకు ఏమీ అర్థం కాదు.

అప్పుడు కాఫీ తీసుకెళ్తాను. వచ్చినవాళ్లకు చక్కెర వేస్తాను. ఆయనకు వేయను. ఆయన ఒక గుక్క తాగి, నావైపు చూడకుండా, లోటా ఖాళీ అయ్యేదాకా తాగుతారు. చక్కెర చాలలేదని ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు.